ఇరవై రెండో హైన్రిష్ గారి స్నానం

బిస్మార్క్ మూడు యుద్ధాలు చేసి జర్మనీని ఒక్కటి చేశాడని బడిలో చెబుతారు. మా తాత ఎర్‌హార్ట్ పీలర్ అదే జర్మనీని ఒక్క చుక్క రక్తం చిందకుండా, అమ్మమ్మ చేత తిట్లు మాత్రం తిని, మేజోళ్ళ సొరుగులో ఒక్కటి చేశాడు. పైగా బిస్మార్క్ కట్టింది యాభై ఏళ్ళయినా నిలవలేదు. మా తాతది ఇంకా మేజోళ్ళ కింద భద్రంగా ఉంది.

జర్మనీ అంతా అంటే మరీ అంతా కాదు. మా చుట్టుపక్కల కొండల మధ్య ఉండిన బుల్లి బుల్లి రాజ్యాలు. నక్కని తరమడం ఒక రాజ్యంలో మొదలుపెడితే మూడో రాజ్యంలో గాని దొరికేది కాదట, అంత బుల్లివి. చక్రవర్తి బెర్లిన్‌లో కూర్చున్నా, ఈ చిన్న దొరలు ఒక్కొక్కరూ తమ తలకాయ వేసుకున్న వెండి నాణెం వేయించుకోవచ్చు. ఒక వైపు దొరగారి గడ్డం, రెండో వైపు చక్రవర్తి గద్ద. వైమార్, గోథా, మైనింగెన్, ఆల్టెన్‌బుర్గ్, రెండు ష్వార్ట్స్‌బుర్గులు, అన్నీ తాత దగ్గర ఉన్నాయి. సొరుగులో ఆకుపచ్చ మఖమలు పరిచి, ఒక్కో నాణేనికి ఒక్కో గుంట తొలిచి పెట్టుకున్నాడు.

లేనిది మా ఊరిదే. గ్రైత్స్‌ది.

ఊరందరి పిల్లల్నీ చంకనెత్తుకుని తిరుగుతూ సొంతబిడ్డను ఎక్కడో వదిలేసినవాడిలా ఉండేది తాత పరిస్థితి. గ్రైత్స్‌ని ఏలిన రాయిస్ వంశంలో మగపిల్లాడు పుడితే పేరు వెతుక్కునే పని లేదు, అందరూ హైన్రిష్‌లే. ఆనవాలుకి నంబరు. అన్నానికి రమ్మని ఒక్క కేకేస్తే ఇంటిల్లిపాదీ దిగేవాళ్ళని మా అమ్మమ్మ రోస్‌విటా అంటుంది. వంశం పెద్ద తరఫు, చిన్న తరఫు అని రెండుగా చీలింది. గేరా ఊళ్ళో ఉన్న చిన్న తరఫు దొర పద్నాలుగో హైన్రిష్. ఆయన మఖమలు మీద హాయిగా పడుకుని ఉన్నాడు. మా పెద్ద తరఫు దొర ఇరవై రెండో హైన్రిష్‌కి మాత్రం గుంట ఖాళీ.

ఆ గుంటని చూసి చూసి తాత అలిసిపోయాడు. మా ఊరి బట్టల మిల్లులో రంగు తొట్ల దగ్గర వంగి వంగి నడుం పోయింది. బెర్లిన్ గోడ కూలి రెండు జర్మనీలూ కలిశాక మిల్లూ పోయింది. మోకాళ్ళు పోయాయి. ఒక కంట్లో పొర. మేం ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. భూతద్దం పట్టుకుంటే చెయ్యి వణికి దొరలందరూ తల ఊపుతున్నట్టు కనిపించేవారట. నాణేల పత్రిక వస్తే కవరు చింపకుండానే పక్కన పెట్టేవాడు. గురువారం నాణేల సంఘానికి మాత్రం వెళ్ళేవాడు, వెళ్ళకపోతే వెంటనే పోయాడనుకుంటారని.

"ఇంకెందుకు తాతా ఈ తంటా, మానెయ్యరాదూ?" అంటే, "ఆ ఒక్కటీ వస్తే మూసేస్తాను," అనేవాడు. సంబరంగా కాదు. ఆఖరి బస్తా కూడా దించేస్తే ఇంటికి పోతానన్న కూలివాడిలా అనేవాడు.

ఆ ఒక్కటీ ఎక్కడుందో ఆయనకి తెలుసు. అదే అసలు బాధ. పక్క ఊరు ఎల్‌స్టర్‌బెర్గ్‌లో, గెరోల్ట్ క్నోల్ ఇంట్లో. గెరోల్ట్ మిల్లులో తాతతోపాటు పనిచేసిన మగ్గాల మెకానిక్, నాణేల సంఘంలో జోడీ. తూర్పు జర్మనీ రోజుల్లో ఒక ముసలమ్మ బిస్కెట్ల డబ్బాలో ఆ నాణెం వేసుకుని సంఘానికి వచ్చింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెట్టారు. బొమ్మా బొరుసూ వేద్దామన్నారు. అప్పటి మా మార్కు బిళ్ళ అల్యూమినియంది, దూదిపింజలా ఎగిరి బల్ల కింద దొర్లింది. వంగి చూసింది గెరోల్ట్ ఒక్కడే. "బొమ్మ," అన్నాడు. బొమ్మ అడిగింది తనే. తాతకి అప్పటికే నడుం నొప్పి, వంగలేదు. వంగి ఉండాల్సిందని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి తిన్నారు, తాగారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు, ఆ నాణెం ఊసు మాత్రం ఎత్తలేదు. మొన్న వసంతంలో గెరోల్ట్ పోయాడు. అతని అల్లుడు నాణేలన్నీ ఎవరో వర్తకుడికి అమ్మేశాడని తెలిసి తాత రెండు రోజులు చొక్కా మార్చలేదు.

ప్లమ్ పళ్ళ కాలంలో ఒక మంగళవారం పొద్దున ఫోను మోగింది.

"పీలర్ గారేనా? నేనండీ, వాల్ట్రౌట్‌ని, గెరోల్ట్ భార్యని."

"చెప్పండి వాల్ట్రౌట్ గారూ."

"మీ హైన్రిష్ నా దగ్గరే ఉంది. అల్లుడికి దొరక్కుండా కుట్టుపెట్టెలో దాచాను. ఆయన పోయేముందు చెప్పాడు, ఇది పీలర్‌కే ఇవ్వు, కానీ నేను పోయాకే ఇవ్వు, అందాకా గింజుకోనీ అని."

తాత గోడకి ఆనుకున్నాడు. అవతల వాల్ట్రౌట్ గారు ఆగలేదు.

"కానీ ఎంత నల్లగా ఉందండీ, పొయ్యిలోంచి తీసినట్టుంది! పోయినాయన పేరు మీద ఇచ్చేది ఇలా మసిముద్దలా ఇస్తే నాకు సిగ్గుచేటు. కాస్త తోమి..."

"వద్దు!" అని తాత అరిచిన అరుపుకి వంటింట్లో అమ్మమ్మ చేతిలోని బంగాళదుంప జారిపోయింది. "ముట్టుకోకండి! ఎలా ఉన్నది అలా ఉంచండి! తోమకండి!"

"ఆఁ ఆఁ, తోముతాను, తప్పకుండా తోముతాను. మధ్యాహ్నం కాఫీకి వచ్చెయ్యండి, కేకు చేశాను."

ఫోను పెట్టేసింది. వాల్ట్రౌట్ గారికి చెవుడు. చెవి మిషను బ్యాటరీ అరిగిపోతుందని ఆదివారం చర్చికే పెట్టుకుంటుంది.

తాత మళ్ళీ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. "కుళాయి తిప్పి ఉంటుంది," అన్నాడు, ఇల్లు తగలబడుతోందని చెప్పే గొంతుతో.

నాణేలవాళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. వెండి మీద ఏళ్ళ తరబడి పట్టే ఆ నలుపే నాణేనికి చర్మం. దాన్ని గీకితే దొరగారిని బతికుండగా ఒలిచినట్టే. సంఘంలో ఎవరైనా నాణేన్ని చొక్కా అంచుతో తుడిస్తే తాత కర్ర ఎత్తేవాడు. ఒకసారి ఆల్టెన్‌బుర్గ్ నాణెం మీద నోటితో ఊదినందుకు సంఘాధ్యక్షుణ్ణే గది బయటికి పంపాడు. ఇంట్లో అమ్మమ్మ ఒకనాడు దుమ్ము దులుపుతూ గోథా నాణేన్ని ఆప్రాన్‌తో రుద్దింది. ఆ వారమంతా తాత ఆమెతో పిల్లి ద్వారా మాట్లాడాడు.

"ఎక్కడికి, ఆ మోకాళ్ళేసుకుని?" అంది అమ్మమ్మ, తాత కోటు వెతుక్కుంటుంటే.

"ఎల్‌స్టర్‌బెర్గ్‌కి. వాల్ట్రౌట్ నాణెం తోమేస్తోంది."

"తోమితే ఏం? ఆవిడ గిన్నెలు చూశావా ఎప్పుడైనా? అద్దాలు."

తాత ఆమె వైపు చూసిన చూపులో ఇంకో వారానికి సరిపడా పిల్లి సంభాషణ ఉంది.

"సరే, పిల్లని వెంటబెట్టుకెళ్ళు," అంది అమ్మమ్మ. "ఎక్కడైనా పడితే ఎత్తడానికి మనిషుండాలిగా. చదువు ఎలాగూ మానేసింది, కండలన్నా పనికొస్తాయి."

ఆ కండలదాన్ని నేనే. నేను పనిచేసే బేకరీకి మంగళవారం సెలవు.

మెట్లు దిగేసరికే తాతకి సగం ప్రాణం పోయింది. ఎల్‌స్టర్‌బెర్గ్ రైల్లో గట్టిగా పదిహేను నిమిషాలు. మా రాజ్యం పోయి సాక్సనీ రాజ్యం వచ్చేది కూడా ఆ మధ్యలోనే. స్టేషనుకి వెళ్తే పట్టాల పని, రైలు లేదు, బదులు బస్సు. ఆ బస్సు ప్రతి పల్లె దగ్గరా ఆగుతుంది, ఎక్కేవాళ్ళు లేకపోయినా ఆగుతుంది, ఆగాలని రాసి ఉంది కాబట్టి. టాక్సీ ఎక్కుదామంటే తాత లెక్కలో టాక్సీ అంటే ఆసుపత్రికే.

తాత డ్రైవరు వెనకే కూర్చుని అతని మెడవైపు చూస్తూ నిట్టూర్చాడు. రెండు పల్లెలయ్యాక డ్రైవరు అద్దంలోంచి అడిగాడు.

"ఏం పెద్దాయనా, తొందరా? ఇంట్లో కాన్పా?"

"స్నానం," అన్నాడు తాత.

డ్రైవరు నావైపు చూశాడు.

"అక్కడొక ముసలాయనకి బలవంతంగా స్నానం చేయించేస్తున్నారు. ఈయన ఆపాలి," అన్నాను.

"స్నానం మంచిదేగా."

"వందేళ్ళ పైనుంచీ చెయ్యలేదు ఆయన."

"అబ్బో," అన్నాడు డ్రైవరు. "అయితే కిటికీ తీసి ఉంచమనండి." అయినా తర్వాతి పల్లెలో బస్సుని ఆపీ ఆపనట్టు ఆపి పోనిచ్చాడు.

తాత నవ్వలేదు. కిటికీకి తల ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కాదు. లోపల వాల్ట్రౌట్ గారి వంటిల్లు కనిపిస్తోంది. ఇప్పుడు బేసిన్‌లో నీళ్ళు పడుతోంది. ఇప్పుడు బట్టల సోడా వేస్తోంది. బస్సు ఆగినప్పుడల్లా దొరగారి ముక్కు కొంచెం అరిగింది. ఇన్నేళ్ళూ ఇంకొకరి ఇంట్లో దాచి ఉన్నదాని కోసం కాచుకున్నాడు. చేతికొచ్చే పూట ఇలా పరుగెత్తాలా అని ఆయనకి ఏడుపొచ్చింది. కోపం కూడా రావలసిందే, కానీ దానికి ఓపిక కావాలి కదా. ఎల్‌స్టర్ ఏరు పక్కనే పారుతోంది, బస్సు కంటే తొందరగా.

"తోమేసి ఉంటే ఏం చేస్తావు?" అని అడిగాను.

"నోరు మంచిది కాదు నీది," అన్నాడు కళ్ళు తెరవకుండా.

వాల్ట్రౌట్ గారి ఇల్లు కూలిపోయిన కోట పక్క ఏటవాలు వీధిలో ఉంది. తాత ప్రతి గేటు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, ఆగిన సంగతి నాకు తెలియకూడదని ఆ ఇంటి పూలకుండీలను మెచ్చుకున్నాడు. గంట కొట్టాం. తలుపు తెరుచుకోక ముందే వాసన వచ్చింది, సోడా వాసన, దాంతోపాటు పిప్పరమెంటు. అంటే పళ్ళపొడి కూడా. తాత చెయ్యి నా భుజం మీద బరువుగా పడింది.

వాల్ట్రౌట్ గారు నల్ల గౌను మీద తడి ఆప్రాన్‌తో నిలబడి ఉంది. వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రండి రండి! సరిగ్గా ఇప్పుడే అయింది!"

మంచి కప్పులు పెట్టి, అల్లిన తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, ఆ గుడ్డకి నడిమధ్య ఇరవై రెండో హైన్రిష్ పడుకుని ఉన్నాడు. కిటికీలోంచి వచ్చిన వెలుతురంతా ఆయన మీదే పడి కళ్ళు చెదిరాయి. గద్ద వైపు సన్నని గీతలు, గిన్నె అడుగున పీచు తిప్పితే పడే గీతల్లాంటివి. దొరగారి గడ్డం సగం పోయింది. మంగలి చేతిలోంచి మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. నాణెం కాదది, కొత్త చెంచా.

తాత కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు.

"మొదట సోడాలో ఉడికించాను," అంది వాల్ట్రౌట్ గారు. "పోలేదు. పళ్ళపొడి పెట్టాను. అదీ పనిచెయ్యలేదు. ఆఖరికి గిన్నెలు తోమే పొడేసి బ్రష్షుతో రుద్దాను చూడండీ, అప్పుడు లొంగింది! ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి తోమనివ్వలేదు. ముట్టుకుంటే చేతులు విరుస్తాననేవాడు. మగవాళ్ళకి శుభ్రం ఏం తెలుస్తుందిలెండి పాపం." కేకు కోస్తూ కోస్తూ ఆగింది. "వచ్చే నెల కూతురు నన్ను తీసుకెళ్ళిపోతోంది. ఇల్లు ఖాళీ చెయ్యాలి. దేనిమీద చెయ్యేస్తే దాంట్లో ఆయనే. రోజుల తరబడి ఊరికే కూర్చున్నాను. ఇవాళ పొద్దున ఇది చేతిలోకి తీసుకుని తోముతుంటే మాత్రం... ఏదో ఆయనకే వీపు రుద్దుతున్నట్టుంది." ఆప్రాన్ అంచుతో ముక్కు తుడుచుకుని, తాత మొహంలోకి వంగి చూసింది. "ఎలా ఉంది? నచ్చిందా?"

నేను కేకు వైపు చూస్తూ కూర్చున్నాను. కర్ర ఎటు లేస్తుందోనని ఒక కన్ను మాత్రం దాని మీద ఉంచాను.

తాత నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తాడు. బొటనవేలు నాణెం ముఖాన్ని తాకకూడదనే ఆ పట్టు ఆయన వదల్లేదు, తాకితే పోయేదేమీ ఇక మిగలకపోయినా. పొర లేని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గట్టిగా, చెవి మిషను లేనివాళ్ళకి కూడా వినపడేలా అన్నాడు.

"ఇంత తెల్లగా నేనెప్పుడూ చూడలేదు వాల్ట్రౌట్ గారూ."

"చూశారా మరి!" అంది ఆవిడ, కప్పులో కాఫీ పొంగిపొర్లేదాకా పోస్తూ.

కేకు రెండు ముక్కలు తిన్నాడు. వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగి గట్టిగా అడిగాడు. "గెరోల్ట్ ఎప్పుడైనా ఆ రోజు గురించి ఏమైనా చెప్పాడా? ఆ బల్ల కింద..."

"ఏ బల్లండీ?"

"ఏం లేదు. కేకు బావుంది."

తిరుగు బస్సులో తాత రుమాలులో చుట్టిన నాణేన్ని జేబులో పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరు అతనే. "ఏమైంది పెద్దాయనా, స్నానం ఆపారా?" అని అడిగాడు. "అయిపోయింది," అన్నాడు తాత. డ్రైవరు టోపీ తీసేశాడు, ఏదో చావు కబురు విన్నట్టు.

ఇంటికొచ్చాక నాణేన్ని మఖమలు గుంటలో పెట్టాడు. కొలత సరిగ్గా సరిపోయింది. నల్లటి దొరల మధ్య అదొక్కటీ పెట్టుడు పన్నులా మెరుస్తోంది. అమ్మమ్మ వంగి చూసి, "చూశావా, ఇదొక్కటే మనిషిలా ఉంది. మిగతావి కూడా ఇలా..." అనబోయింది. తాత సొరుగు మూసేశాడు.

అంతటితో అయిపోయేది. కానీ గురువారం వచ్చింది. గ్రైత్స్ హైన్రిష్ దొరికిందన్న మాట మా అమ్మమ్మ నోటినుంచి రొట్టెల కొట్టుకీ, అక్కణ్ణుంచి సంఘానికీ చేరింది. బీరు సత్రం వెనక గదిలో బల్ల చుట్టూ ముసలాళ్ళందరూ భూతద్దాలు పట్టుకుని కాచుక్కూర్చున్నారు. మెట్లు దించడానికని నేను కూడా వెళ్ళాను.

ఒక నాణెం ఎంత బాగుందో తేల్చడంలో ఆ సంఘంలో తాత మాటే ఆఖరు మాట. ఎవరు ఏది కొన్నా, మార్చుకున్నా, ముందు పీలర్ చూడాలి. మిల్లు పోయాక, కాళ్ళు పోయాక ఆయనకి మిగిలిన ఉద్యోగం అదొక్కటే.

తాత రుమాలు విప్పాడు. భూతద్దాలన్నీ ముందుకు వంగాయి. సంఘాధ్యక్షుడు ఆర్నుల్ఫ్ ముందుగా నోరు తెరిచాడు. నాణెం మీద ఊదినందుకు ఒకప్పుడు బయటికి వెళ్ళినవాడు ఆయనే.

"ఇదేంటి పీలర్, సూప్ తాగడానికి చెంచా తెచ్చావా?"

"దొరగారు క్షవరం చేయించుకున్నట్టున్నారు," అన్నాడు ఇంకొకడు.

"నవ్వకండ్రా," అన్నాడు ఆర్నుల్ఫ్, తనే నవ్వాపుకుంటూ. "ఇది గెరోల్ట్ దగ్గర ఉన్నదేగా? బొగ్గులా ఉండేది, నా కళ్ళతో చూశాను. ఎవరు చేశారీ పాపం? ఆ వాల్ట్రౌటేనా? ఉండు, ఆదివారం చర్చిలో అడుగుతాను, చెవి మిషను పెట్టుకుని ఉంటుందిగా."

తాత బీరు గ్లాసు దించి మూతి తుడుచుకున్నాడు.

"నేనే తోమాను," అన్నాడు.

ఒక్కడూ నవ్వలేదు. నాకు దగ్గొచ్చింది. తాత కర్ర బల్ల కింద నా కాలి మీద ఆనింది, చాలా మెల్లగా, చాలా గట్టిగా.

"నువ్వా?" అన్నాడు ఆర్నుల్ఫ్.

"నేనే. చూపు ఆనలేదు. నలుపో మురికో తెలియలేదు. గిన్నెల పొడేసి రుద్దాను. వయసైపోయింది, అంతే."

ఆర్నుల్ఫ్ ఇబ్బందిగా భూతద్దం మడిచాడు. ఎంతో మర్యాదగా, "అయితే ఇకమీదట ఆ చూడ్డం సంగతి నేను చూసుకుంటాలే ఎర్‌హార్ట్. నువ్వు విశ్రాంతి తీసుకో," అన్నాడు. తాత తలూపాడు. పక్కవాడు ఎవరో గోథా నాణెం తెచ్చాడు. అది తాత ముందు నుంచే, తాత దగ్గర ఆగకుండా ఆర్నుల్ఫ్ దగ్గరికి వెళ్ళింది. తాత చెయ్యి అలవాటుగా కొంచెం లేచి, గ్లాసు పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక తాత సోఫా మీద బూట్లు విప్పుకుని పడుకున్నాడు. సొరుగు దగ్గరికి వెళ్ళలేదు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఒక కాగితం మీద ఇదంతా గీకుతున్నాను.

"తాతా, అన్నీ వచ్చేశాయిగా. పెద్ద తరఫు, చిన్న తరఫు, మంగలి దగ్గర్నుంచి వచ్చిన తరఫు. వాల్ట్రౌట్ గారి పాపం కూడా నువ్వే నెత్తినేసుకున్నావు, ఉన్న ఆ ఒక్క ఉద్యోగమూ పోయింది. మరి ఇప్పుడు నిజంగా మూసేశావా, లేదా? చివర్లో ఏం రాయను?"

తాత కళ్ళు తెరవలేదు.

"నేను మూసేశాను. నువ్వూ మూసెయ్."